కాలిన డ్రైయర్, యాభై ఎనిమిది డిగ్రీలు

సోమవారం మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలకు తాండూరులో పరశురాం పప్పు మిల్లు డ్రైయర్ అంటుకుంది. అదే నిమిషంలో, ఆ డ్రైయర్‌కు కాపలాగా గోడకు బిగించిన డబ్బా, లోపలి వేడి యాభై ఎనిమిది డిగ్రీలని రాసుకుంది.

రెండింటిలో ఒకటి అబద్ధం. మంట అబద్ధం కాదు. మిల్లులో పనిచేసే బీరయ్య రెండు చేతులూ కాలి హైదరాబాదు ఆసుపత్రిలో పడి ఉన్నాడు. కాబట్టి డబ్బా తప్పు చెప్పి ఉండాలి, లేదా డబ్బా రాసినదాన్ని తర్వాత ఎవరో మార్చి ఉండాలి. మార్చింది ఆ డబ్బాకు ప్రోగ్రాం రాసిన సమ్రీన్ అని బీమా కంపెనీ పంపిన పరిశోధకుడు నవీన్‌కుమార్ తేల్చాడు. గురువారం సాయంత్రం అయిదింటికి అతని నివేదిక పోలీసు స్టేషన్ చేరుతుంది. చేరితే ఆ పిల్లను తీసుకుపోతారు.

వికారాబాద్‌లో ఆమె ఆఫీసు గది మెట్లు నేను ఎక్కేసరికి గురువారం పదకొండు దాటి పది నిమిషాలు. నా చేతిలో మిగిలింది ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ.

నా పేరు జంగప్ప. ముప్పై ఏళ్లు పాత గోనె సంచుల వ్యాపారం చేశాను. సంచి చూసి లోపలి సరుకు ఏ ఊళ్లో మారిందో చెప్పడం అలవాటైతే, దొంగ సరుకు పట్టుకోమని వ్యాపారులు పిలవడం మొదలుపెట్టారు. ఏడేళ్ల కింద సంచులు వదిలేసి ఈ పనే పట్టుకున్నాను. సమ్రీన్ తల్లి మహబూబ్‌బీ నా కొట్లో ఇరవై ఏళ్లు చిరుగులు కుట్టింది. ఆమె కుట్టిన చోట మళ్లీ చిరిగిన సంచి నేను చూడలేదు. పొద్దున ఫోనులో ఆమె అన్నది ఇంతే: "నా బిడ్డ తప్పు జేస్తే జేసిందనే చెప్పు అన్నా. చెయ్యకుంటే మాత్రం దాన్ని ఇడ్సిపెట్టకు."

సమ్రీన్‌కు ఇరవై అయిదేళ్లు. ఏడ్చి ఆపిన ముఖం. నన్ను చూసి కుర్చీ జరిపింది.

"కూసో చాచా."

"కూసుంట గని, ముందు జవాబు చెప్పు బిడ్డా. నీ డబ్బా చేసే పనేంది?"

"డ్రైయర్ల తడిపప్పు ఆరవోస్తరు. లోపల సెన్సర్ ఉంటది. వేడి ఎంతుందో నిమిషానికోసారి డబ్బాకు చెప్తది. అరవై రెండు దాటితే డబ్బా మంట తగ్గిస్తది. ఎనభై అయిదు అయితే గంట కొట్టి మంట మొత్తమే ఆర్పేస్తది. ప్రతి అంకె గీ కంప్యూటర్‌కు గూడ వస్తది."

"సోమవారం మూడు నలభైకి నువ్వు ఆ అంకెల ఫైలు తెరిచినవా?"

"తెరిచిన. మంట లేసిందని ఫోనొచ్చింది. ఏమైందో సూద్దామని."

"సూసినవా, మార్చినవా?"

"సూసిన."

"నువ్వు మార్చినవని ఆయన అంటున్నడు. మార్చలేదని చెప్పెతందుకు నీ దిక్కు ఎవరున్నరు?"

ఆమె లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "నలభై ఒక్క మంది ఉన్నరు చాచా."

తెర మీద వరుసగా నలభై ఒక్క పేర్లు. మనుషుల పేర్లు కావు.

"వీటిని పరీక్షలంటరు. మనం రాసిన ప్రోగ్రాం మనకు ముద్దుగనే కనవడ్తది. అందుకని రావాల్సిన జవాబు ముందే రాసిపెట్టుకొని దాన్ని ప్రశ్న అడుగుతం. ఎనభై అయిదు ఇస్తే గంట కొట్టాలె. ఎనభై నాలుగుకు కొట్టొద్దు. సెన్సర్ తీగ తెగితే మంట ఆర్పాలె. చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్కకు ఒక్కో ప్రశ్న. పోయిన జనవరిల మొదటిది రాసిన. అప్పుడు నాకు గూడ కొత్తే."

"ఇన్ని ప్రశ్నలు నువ్వే కూసోని అడుగుతవా?"

"నేనెందుకు. దానికి ఫ్రేమ్‌వర్క్ అని ఒకటుంటది. పరీక్ష అని పేరు వెట్టినవన్నీ అదే దేవులాడుకుంటది. ఒక్కొక్కదాన్ని నిలవెట్టి అడుగుతది. జవాబు కలిస్తే పచ్చ చుక్క. కలవకుంటే ఎర్ర చుక్క. ఎంత రావాలె, ఎంతొచ్చింది, అది గూడ రాసిస్తది."

ఒక మీట నొక్కింది. నేను కళ్లద్దాలు సర్దుకునే లోపల నలభై ఒక్క పచ్చ చుక్కలు వచ్చి కూర్చున్నాయి.

"మల్ల అడుగు."

మళ్లీ నలభై ఒకటి. మూడోసారి అడిగించాను. ఒక్క చుక్క అటు ఇటు కాలేదు.

నా ఏడేళ్ల పనిలో సాక్షులను రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా చెప్పారు, మూడోసారికి వాళ్లే నాకు ప్రశ్నలు వేశారు. ఒక మనిషి దగ్గర ఒక నిజం రాబట్టడానికి నాకు సగటున ఒక పూట పడుతుంది. ఈ పిల్ల నలభై ఒక్క నిజాలు రెండు సెకన్లలో రాబట్టి, కావాలంటే వెయ్యిసార్లు మళ్లీ రాబడతానంటోంది. గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డాను.

కానీ వ్యాపారిని. అందరూ బాగుందంటే సంచి అడుగున చెయ్యిపెట్టి చూసే రకం.

"ఎప్పుడన్న ఎర్రగయినయా ఇవి?"

ఆమె మొదటిసారి కొద్దిగా నవ్వింది. ప్రోగ్రాం తెరిచి ఎనభై అయిదును తొంభై అయిదు చేసింది. మీట నొక్కింది. మూడు చుక్కలు ఎర్రబడ్డాయి. ఎనభై అయిదు దగ్గర గంట మోగాలి, మోగలేదని కింద రాసి వచ్చింది. అంకె సరిచేసి మళ్లీ నొక్కితే అన్నీ పచ్చగా అయ్యాయి.

"ఎన్నడు ఎర్రగ గాని పరీక్షను నేను నమ్మ చాచా. రాసినంక ఒకసారి కావాలనే చెడగొట్టి సూస్త."

"సరే. సెన్సర్ తాండూరుల ఉంది. నువ్వు గీడ కూసోని అడుగుతుంటే, దీనికి వేడి ఎక్కడికెల్లి వస్తున్నది?"

"దానికే ఫిక్చర్ అంటరు." ఆమె కాగితం తీసి ఒక గీత గీసింది. "ప్రతి ప్రశ్నకు ముంగట రంగం తయారు చెయ్యాలె. సెన్సర్‌ను పక్కకు వెట్టి, దాని జాగల నా దగ్గరున్న అంకెల ఫైలు తగిలిస్త. గంట మోగకుండ వెడ్త. అప్పుడు ప్రశ్న అడుగుత. అడిగినంక ఫైలు తీసేసి సెన్సర్‌ను మల్ల తగిలిస్త. ముందు చేసుడు, తర్వాత తీసుడు, రెండు కలిపి ఫిక్చర్. ఒక ప్రశ్న చెత్త ఇంకో ప్రశ్న మీద పడొద్దు."

ఇది నాకు చెప్పక్కరలేదు. ప్రతి సంచికి ముందు కాంటా సున్నాకు తెచ్చి, తూచాక పళ్లెం దులపని వాడితో నేను ముప్పై ఏళ్లలో వ్యాపారం చేయలేదు.

"ఆ అంకెలు నువ్వు పుట్టించినవేనా?"

"ఉత్తగ రాయ మనసొప్పలె. ఫిబ్రవరిల ఒక దినం పరశురాం మిల్లు డ్రైయర్ నిజంగ చెప్పిన నలభై నిమిషాల అంకెలు ఎత్తుకున్న. పదిహేడో నిమిషం అరవై ఒకటి పాయింట్ నాలుగు ఉంటది. పద్దెనిమిదికి దబ్బున యాభై మూడు పాయింట్ ఏడుకు పడ్తది. డ్రైయర్ నడిపే మొగులప్ప పప్పు సూసెతందుకు తలుపు తెరిచిండు అప్పుడు."

"గీ పరీక్షలు తాండూరు డబ్బాల గూడ ఉన్నయా?"

"ఉన్నయి. ఒక మీట వెట్టిన. వారానికోసారి నొక్కి సూసుకొమ్మన్న. చిన్న డబ్బా కదా, మెల్లగ అడుగుతది. రెండు నిమిషాలు పడ్తది. ఒక్కొక్క లైటు వెలుగుకుంట పోతది."

మధ్యాహ్నం సమ్రీన్‌ను వెంటబెట్టుకుని రైల్లో తాండూరు పోతూ సోమవారం అంకెల కాగితాలు ఒళ్లో పరుచుకున్నాను. నిమిషానికో వరుస. ఒంటిగంట నలభై తర్వాత వరుస ఒంటిగంట నలభై నాలుగు. మధ్యలో మూడు లేవు. అక్కడ గీత గీసి ముందుకు పోయాను. రెండు గంటలకు అరవై ఒకటి పాయింట్ నాలుగు. రెండూ ఒకటికి యాభై మూడు పాయింట్ ఏడు. రెండూ నలభైకి మళ్లీ అరవై ఒకటి పాయింట్ నాలుగు. రెండూ నలభై ఒకటికి మళ్లీ యాభై మూడు పాయింట్ ఏడు.

వెయ్యి సంచులు తూస్తే రెండు ఒకే తూకం రావచ్చు. వరుసగా నలభై సంచులు, నిన్నటి నలభై సంచులతో గ్రాము తేడా లేకుండా రావు.

కాగితం సమ్రీన్ చేతికిచ్చాను. ఆమె వేలు వరుస మీద జారి ఆగింది.

"చాచా, ఇవి నా ఫిక్చర్ అంకెలు."

"అయితే సోమవారం మిల్లు వేడి ఫిబ్రవరి వేడి ఎట్లయింది?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆమె ఏం లెక్క కడుతోందో నాకు తెలుసు, నేనూ అదే కడుతున్నాను. ఈ అంకెలు ఉన్నాయని లోకంలో ఒక్క మనిషికే తెలుసు. అసలు అంకెలు చెరిపి అవి అతికించాలంటే ఆ మనిషికే వీలు. ఇది నవీన్‌కుమార్‌కు తెలిస్తే అయిదింటిదాకా కూడా ఆగడు.

రెండూ నలభైకి మిల్లులో అడుగుపెట్టాం. డ్రైయర్ నల్లగా, ఒక పక్క రేకు వంగిపోయి ఉంది. దానికి అడ్డంగా ఇటుక గోడ. గోడకు అవతల డబ్బా, దాని పక్కన పెద్ద మెయిన్ స్విచ్చి. డబ్బా కరెంటు తీసేసి, తీగ చుట్టూ నవీన్‌కుమార్ లక్క ముద్ర వేశాడు.

డ్రైయర్ నడిపే మొగులప్ప బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. నన్ను సంచుల రోజుల నుంచి ఎరుగును.

"మొగులప్పా, సోమవారం డ్రైయర్ తలుపు ఎన్నిసార్లు తెరిచినవ్?"

"ఒక్కసారి గూడ లేదు అన్న. తడి ఎక్కువుండె. తెరిస్తే ఆలస్యమయితది."

"రెండింటికి?"

"అన్నం తింటున్న."

"ఒంటిగంట నలభై ఒకటి నుంచి మూడు నిమిషాలు డబ్బా ఆగింది. ఎందుకు?"

అతను తుండు మడత మార్చాడు. "కరెంట్ పోయింది."

"జనరేటర్ వేసిన్రా?"

"ఎయ్యలె. ఎంటనే వచ్చింది."

"పక్క మిల్లుల పోలె. ఇప్పుడే అడిగి వచ్చిన. రెండు మిల్లులకు ఒకటే తీగ."

మొగులప్ప నేల చూశాడు.

"ఆయన్ని బెదిరించకండి జంగప్ప గారూ." వెనక నుంచి మాట. నవీన్‌కుమార్, ఇస్త్రీ చొక్కా, చేతిలో సంతకం కోసం సిద్ధంగా ఉన్న నివేదిక. అయిదేళ్లలో మేమిద్దరం మూడు కేసుల్లో ఎదురుపడ్డాం. రెండు అతనివి, ఒకటి నాది. "కరెంటు పోలేదని నాకూ తెలుసు. ఆ మూడు వరుసలు ఈ అమ్మాయి చెరిపేసింది. మిగతావి అతికించింది. నలభై నిమిషాలకోసారి అవే అంకెలు తిరిగొస్తున్నాయి. మీరు ఈ పాటికి చూసే ఉంటారు."

చూశాను కాబట్టి ఊరుకున్నాను. అతను పనిలో గట్టివాడు, అది ఒప్పుకోవాలి.

"ఆ అంకెలు ఎవరివో అడగనా?" అన్నాడు సమ్రీన్ వైపు తిరిగి.

"నావే సార్. నా పరీక్షలల్ల పెట్టుకున్నవి," అంది ఆమె.

నవీన్‌కుమార్ ఒక క్షణం తడబడ్డాడు. ఆమె అంత తేలిగ్గా ఇస్తుందనుకోలేదు. తర్వాత కలం మూత తీశాడు. "అయితే ఇక పని లేదు. సంచుల సేటుకు రైలు టికెట్ దండగ."

"టికెట్ నాది, ఫికర్ మీకెందుకు," అని డబ్బా దగ్గరికి నడిచాను.

సంచిని చూసినట్టే చూశాను, కింది నుంచి పైకి. డబ్బా ముందు సమ్రీన్ చెప్పిన పరీక్షల మీట ఉంది. మీట నడుమ కుంకుమ బొట్టు, దాని మీద వేలిముద్ర అణిగిన గుంట. బొట్టు పెట్టాక ఎవరో నొక్కారు. పక్కన మెయిన్ స్విచ్చి పిడి. దాని మీదా బొట్టు ఉంది, కానీ అది గుండ్రంగా లేదు. అర జానెడు పొడుగున కిందికి సాగింది. తడి ఆరకముందే పిడిని కిందికి లాగారు. నేల మీద, గోడ మూలన, ఊడ్చినా మిగిలిన కొబ్బరి చిప్ప పెంకు. మంట రేగినప్పుడు పడ్డ మసి దాని మీద పరుచుకుని ఉంది. అంటే ఇది మంటకు ముందుది.

"పరశురాం సేటును పిలువు," అన్నాను మొగులప్పతో.

మిల్లు యజమాని వచ్చాడు. మూడు రోజులుగా నిద్ర లేని కళ్లు.

"సేటూ, సోమవారం అమావాస్య. మెషిన్లకు పూజ చేసినవ్. ఒంటిగంట నలభైకి."

"ఎవరు చెప్పిన్రు?"

"నీ స్విచ్చి చెప్పింది."

పరశురాం నవీన్‌కుమార్ వైపు చూశాడు. అతనికి జడిసే ఇన్నాళ్లు దాచాడని అర్థమైంది. పూజలో కర్పూరం వెలిగించింది డ్రైయర్‌కు పదడుగుల దూరంలో. ఆ మాట బయటికొస్తే మంటకు కారణం కర్పూరమేనంటారని, మిల్లులో అందరి నోళ్లూ మూయించాడు.

"కర్పూరం ఒంటిగంట నలభైకి. మంట మూడూ అయిదుకు. ఎనభై అయిదు నిమిషాలు మండే కర్పూరం ఏ దుకాణంల లేదు సేటూ. నీ పూజను నేను తప్పు పడ్తలేను. వరుస చెప్పు. మొదలు ఏం చేసినవ్, తర్వాత ఏం చేసినవ్."

"ప్రతి అమావాస్యకు చేస్త," అన్నాడు మెల్లగా. "డబ్బాకు బొట్టు వెట్టి గా మీట నొక్కుత. పచ్చ లైట్లు ఒక్కొక్కటి వెలుగుతయి సూడు, హారతి లెక్కనే ఉంటది. అవి వెలుగుతుండంగ కొబ్బరికాయ కొడ్త. ఎప్పుడు గవన్ని వెలిగినంకనే మెయిన్ బంజేసి, మొక్కి, మల్ల ఏస్త. మొన్న వాన మొఖం వెట్టింది, పప్పు తడిగుంది, తొందరుండె. పది పన్నెండు వెలిగినయి. అప్పుడే బంజేసిన. మూడు నిమిషాలకు మల్ల ఏసిన. గంతే."

సమ్రీన్ చేతిలోని సంచి కింద పెట్టేసింది.

"సగంల బంజేసినవా కాకా?"

"పూజ కదా బిడ్డా. లైట్లు వెలిగినయి కదా."

ఆమె అక్కడే నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. వేళ్లు మీటల మీద కదులుతున్నాయి. నేను పక్కన గొంతు కూర్చున్నాను.

"చెప్పు బిడ్డా."

"నలభై ఒక్క ప్రశ్నలు రాసిన చాచా. గీ ప్రశ్న రాయలె. రంగం తయారు చేసి, సెన్సర్‌ను తీసి, ఫైలు తగిలించినంక, ప్రశ్న నడుమ కరెంట్ పోతే ఏమయితది? తర్వాత తీసే పని చేసెతందుకు ఎవరు మిగులుతరు? ఎవరు మిగులరు. కరెంట్ మల్ల వచ్చినా నేను తగిలించింది గట్లనే ఉంటది."

నలభై రెండో పరీక్ష రాస్తోంది. పేరు పెట్టింది. ముందు రంగం కొత్తగా సిద్ధం చేసింది. ఫైలు తగిలించింది. సగంలో ప్రోగ్రాం ప్రాణం తీసింది. మళ్లీ మొదటి నుంచి లేపింది. లేపాక అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న రాసింది: నువ్వు ఎవరి మాట వింటున్నావు? దాని పక్కన రావాల్సిన జవాబు: సెన్సర్.

మూడూ ఇరవై. నవీన్‌కుమార్ కూడా తెలియకుండానే వంగి చూస్తున్నాడు.

మీట నొక్కింది. పచ్చవి నలభై ఒకటి వచ్చాయి. ఆ వెనక ఒక్క ఎర్ర చుక్క. కింద రాసి ఉంది: రావాల్సింది సెన్సర్, వచ్చింది ఫైలు.

జరిగిపోయినదాన్ని మళ్లీ జరిపించి చూపించమని నేను ఎందరినో అడిగాను. ఎవరి వల్లా కాలేదు. సోమవారం ఒంటిగంట నలభై ఒకటిని ఈ పిల్ల గురువారం మూడూ ఇరవైకి నేల మీద కూర్చుని వెనక్కి తెచ్చింది. అది వచ్చి అదే తప్పు మళ్లీ మా కళ్ల ముందు చేసి వెళ్లింది. ఇంకోసారి పిలిస్తే ఇంకోసారి వస్తుంది.

"ఇది మీ లాప్‌టాప్," అన్నాడు నవీన్‌కుమార్. గొంతులో పాత పదును తగ్గింది కానీ పోలేదు. "మీ ప్రశ్న, మీ జవాబు. ఇంట్లో వండుకున్నది."

"అయితే ముద్ర తీయండి," అన్నాను. "డబ్బాను మూడు రోజులుగా ఎవరు ముట్టలేదని మీ లక్కే సాక్షి. డ్రైయర్ కాలి చల్లబడి ఉంది, లోపలి సెన్సర్ గూడ కాలింది. ఇప్పుడు డబ్బాకు కరెంట్ ఇస్తే అది సెన్సర్ మాట వింటే, సెన్సర్ లేదని గోల చెయ్యాలె. ఫైలు మాట వింటే?"

అతను నన్ను చూశాడు, సమ్రీన్‌ను చూశాడు. ఒక మనిషి తన ముద్ర తానే పగలగొట్టుకోవడం తేలిక పని కాదు. నేనైతే ఇంకొంచెంసేపు బేరమాడేవాణ్ని. అతను జేబులోంచి చిన్న కత్తి తీసి లక్క కోశాడు.

పరశురాం మెయిన్ పైకెత్తాడు. డబ్బా తెర వెలిగింది. ఇటుక గోడకు ఇవతల మేము. అవతల మసిబారి, వంగిపోయి, మన్నులా చల్లబడ్డ డ్రైయర్. తెర మీద అంకెలు కుదురుకున్నాయి.

యాభై ఎనిమిది పాయింట్ రెండు.

ఒక నిమిషం గడిచింది. యాభై ఎనిమిది పాయింట్ ఆరు. కాలిపోయిన డ్రైయర్‌కు ఫిబ్రవరి నాటి ఒంటి వేడి తెచ్చి పెట్టి, అంతా బాగుందని ఓపిగ్గా చెబుతోంది డబ్బా. మొగులప్ప రెండు చేతులూ జోడించాడు, దేనికో తెలియకుండానే.

"అంకెలు ఈ అమ్మాయి అతికించలేదు," అన్నాను. "మంట లేస్తున్నప్పుడు డబ్బానే గిట్ల రాసి పంపింది. ఎప్పుడూ అరవై రెండు దాటలేదనుకొని మంట తగ్గించలేదు."

నవీన్‌కుమార్ నివేదిక చివరి పేజీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దొంగ లెక్కలు కావు. అది కొట్టేస్తాను. కానీ పొరపాటు మాత్రం మీదే అమ్మా."

"నాదే సార్," అంది సమ్రీన్. "రాసియ్యుమంటే రాసిస్త. బీరయ్య కాకకు నేనే పోయి చెప్త."

మహబూబ్‌బీ కూతురే. నేను సంచిలో చెయ్యి పెట్టి అడుగుదాకా చూశాను, పైనున్న సరుకే కింద ఉంది.

పరశురాం ఊపిరి వదిలి బస్తా మీద కూలబడ్డాడు. "నా బామ్మర్ది నయం. వానికి ఏం గాలె."

నేను తలెత్తాను. "ఏ బామ్మర్ది?"

"రాజేందర్. బంట్వారంల మిల్లు. వానికి గూడ గీ డబ్బానే ఇప్పిచ్చిన. సోమవారం నేను పూజ చేస్తుంటే ఫోన్ల సూసిండు. బావా, మస్తుంది, నేను గూడ గట్లనే చేస్త అన్నడు."

సమ్రీన్ అప్పటికే లాప్‌టాప్‌లో బంట్వారం ఫైలు తెరుస్తోంది. వరుసలు పైకి పరుగెత్తాయి. గురువారం, బుధవారం, మంగళవారం. ఆమె వేలు ఒక చోట ఆగింది, మరో చోట ఆగింది. నలభై నిమిషాలకోసారి అరవై ఒకటి పాయింట్ నాలుగు, వెంటనే యాభై మూడు పాయింట్ ఏడు. సోమవారం మధ్యాహ్నం నుంచి, రాత్రీ పగలూ.

"కాకా, ఆయన డ్రైయర్ నడుస్తున్నదా?"

"మూడు దినాల సంది సరుకు లేక బంద్. పొయ్యి సల్లగుండె. ఇయ్యాల్నే లోడ్ వచ్చిందట. రెండున్నరకు అంటిస్తున్న అన్నడు."

గడియారం చూశాను. మూడూ నలభై నాలుగు. ఇక్కడ మెయిన్ మళ్లీ వేసింది ఒంటిగంట నలభై నాలుగుకు, మంట లేచింది మూడూ అయిదుకు. ఎనభై ఒక్క నిమిషాలు. రెండున్నరకు ఎనభై ఒకటి కలిపితే మూడూ యాభై ఒకటి. చేతిలో ఏడు నిమిషాలు.

"ఈడికెల్లి బంజెయ్యొచ్చునా?"

"చెయ్యరాదు చాచా. దూరం నుంచి మంటను ముట్టుకునే దారి నేనే ఇయ్యలె, ఎవరన్న చెడుపు చేస్తరని. మెయిన్ గుంజాలె, గంతే."

పరశురాం రాజేందర్‌కు ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. నవీన్‌కుమార్ కారు తాళాలు తీసి, దూరం గుర్తొచ్చి, చేతిలోనే ఉంచుకున్నాడు. మొగులప్ప అన్నాడు, "మిల్లుల ఇంకో ఫోన్ ఉంటది సేటూ, చెరిగేటోళ్ల దగ్గర."

ఆ ఫోను ఆరో మోతకు ఎత్తారు. వెనక మిల్లు రొద. ఆడగొంతు.

"ఎవరు?"

సమ్రీన్ ఫోను లాక్కుంది. "అమ్మా, రాజేందర్ సేటు యాడున్నడు?"

"లారీ కాడ ఉన్నడు, బయటి రోడ్డు మీద. నువ్వెవరు?"

"నీ పేరేందమ్మా?"

"బీరమ్మ."

"బీరమ్మా, నీకు డ్రైయర్ కనవడ్తున్నదా?"

"ఎదురుంగనే ఉంది. జర మాడు వాసనొస్తున్నది. డబ్బా సల్లగనే ఉందని సేటు అన్నడు."

మూడూ నలభై ఎనిమిది.

"డబ్బా మాట ఇడ్సిపెట్టు. డ్రైయర్ కాడికి పోవద్దు. గోడకు పెద్ద పిడి ఉంది సూడు, దాన్ని కిందికి గుంజు."

"దాన్ని సేటు తప్ప ఎవరు ముట్టొద్దు బిడ్డా. ఆడోళ్లు అసలే ముట్టొద్దంటరు. మొన్ననే పూజ చేసిన్రు దానికి."

పరశురాం ఫోను మీదికి వంగాడు. "బీరమ్మా, నేను రాజేందర్ బావను, తాండూరు పరశురాంను. నేను చెప్తున్న. ముట్టు."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత మిల్లు రొద ఒక్కటే. మేము అయిదుగురం ఆ చిన్న యంత్రం చుట్టూ తలలు వంచి నిలబడ్డాం. అయిదింటి మాట ఎవరికీ గుర్తు లేదు, సమ్రీన్‌కు అసలే లేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి. నేను అలవాటు కొద్దీ సెకన్లు లెక్కపెడుతున్నాను. ఇరవై. యాభై. తొంభై.

నూట పన్నెండు దగ్గర రొద ఒక్కసారిగా తెగిపోయింది.

ఆగింది మిల్లో, ఫోనో తెలియలేదు.